గోడ మీద అరవై ఆరు

వంటవాళ్ళ తెల్లకోట్లు పన్నెండు కుట్టాలి. ఏడో కోటుకు కాలరు తగిలిస్తూ టైలరక్క మిషను ఆపి చూసేసరికి, తెల్లగుడ్డ మీద వరసగా నాలుగు ఎర్రచుక్కలున్నాయి. ఆవిడకు ఒళ్ళు మండింది.

"మాస్టారూ, తెల్లగుడ్డ మీద ఎర్రసుద్దతో గీస్తారా ఎవరైనా? ఇప్పుడిది ఉతికితే పోతుందా?"

కటింగ్ మాస్టారు పెద్దబల్ల దగ్గర నుంచి కత్తెర చేత్తో పట్టుకునే వచ్చాడు. కొట్టు ఆయనదే, ముప్ఫై ఏళ్ళుగా. టైలరక్క అందులో పదకొండేళ్ళుగా కుడుతోంది. ఆయన గుడ్డ వంక చూడనే లేదు.

"నేను వాడింది నీలిసుద్ద. నీ చెయ్యి చూసుకో అమ్మాయ్."

చూసుకుంది. ఎడమచేతి చూపుడువేలి గోట్లోకి సూది దిగి అక్కడే విరిగింది. విరిగిన ముక్క గోరు మీద నిలబడి తళతళలాడుతోంది.

మిషను సూది వేలిలో దిగని టైలరు లేడు. దిగినప్పుడు పెట్టే కేకకు పక్కకొట్టు వాళ్ళు కూడా లేచి వస్తారు. టైలరక్క కేక పెట్టలేదు సరికదా, తాపీగా కూర్చుని సుద్ద గురించి తగాదా పెట్టుకుంది. మాస్టారు పట్టకారు తెచ్చి ముక్క లాగుతుంటే, ఎవరి వేలో చూస్తున్నట్టు చూస్తూ కూర్చుంది.

"నొప్పి లేదూ?"

"ఎందుకుండదు? ఉంది" అంది. పచ్చి అబద్ధం.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"ఏమిటి ఎన్నాళ్ళ నుంచి? పనిలో పడి గమనించలేదు, అంతే."

మాస్టారు వంగి, ఆవిడ మిషను చక్రం మీంచి బెల్టు ఊడదీసి, చుట్టచుట్టి జేబులో వేసుకున్నాడు.

"డాక్టరు దగ్గర చీటీ రాయించుకురా. అది నాకిచ్చి, బెల్టు తీసుకెళ్ళు."

"కోట్లు శనివారానికి ఇవ్వాలి మాస్టారూ!"

"నేను కుట్టుకుంటాను."

"మీకు చత్వారం."

"చత్వారమున్నా, సూది గుచ్చుకుంటే నాకు తెలుస్తుంది" అని ఆయన ఏడో కోటు తీసుకుని వెళ్ళిపోయాడు.

 డాక్టరంటే టైలరక్కకు భయం లేదు. ఆవిడ భయమల్లా ఆ క్లినిక్కులో ఉన్న గోడంటే.

ఆరేళ్ళ కిందట టైలరక్క బరువు నూట ఇరవై ఎనిమిది కిలోలు. మిషను ముందు ఒక స్టూలు చాలక రెండు కలిపి వేసుకునేది. మోకాళ్ళు మొరాయించాయి, షుగరు పట్టుకుంది. అప్పుడు ఆపరేషను చేశారు. కడుపును పిడికిలికన్నా చిన్నది చేసి, పేగును పైకి లాగి దానికి కలిపారు. ఏడాదిన్నరలో మనిషి అరవై ఆరుకు దిగింది. క్లినిక్కు వాళ్ళు సంబరపడిపోయి ఫొటో తీశారు. తన పాత పంట్లాం ఒక కాలులోనే టైలరక్క మొత్తం దూరి నిలబడి, ఖాళీగా ఉన్న రెండో కాలును జెండాలా పక్కకు చాచి పట్టుకుని నవ్వే ఫొటో. దాన్ని నిలువెత్తు చేయించి, కింద "నూట ఇరవై ఎనిమిది నుంచి అరవై ఆరు" అని రాయించి, వరండా గోడకు తగిలించారు. ఆవిడ మొగుడు లిఫ్టు మెకానిక్కు. పనికి పోయే దారి కాకపోయినా, తెలిసినవాళ్ళనల్లా అటు తిప్పి తీసుకెళ్ళి "మా ఆవిడ గోడకెక్కింది చూడండి" అని చూపించేవాడు.

ఆ వారమే టైలరక్క ఒక పని చేసింది. ఇంకెవరికైనా అలాంటి పని చెయ్యాలని తోచదు. ఏ టైలరైనా బట్ట కుట్టేటప్పుడు పక్కకుట్ల లోపల రెండంగుళాల గుడ్డ వదులుతాడు. రేపు ఆ మనిషి ఒళ్ళు చేస్తే కుట్టు విప్పి వదులు చెయ్యడానికి. టైలరక్క తన తొమ్మిది గౌన్లూ బల్ల మీద పరిచి, లోపలి గుడ్డంతా కత్తిరించి చెత్తబుట్టలో పోసింది.

"ఎందుకమ్మా? లోపలుంటే ఎవరికి కనపడుతుందని?" అన్నాడు మాస్టారు.

"నాకు కనపడుతుంది మాస్టారూ" అంది అప్పుడు, తల ఎగరేసి.

మూడో ఏట బరువు మళ్ళీ రావడం మొదలైంది. మొదట ఒక కిలో. నీళ్ళ బరువులే అనుకుంది. తర్వాత ఇంకొకటి. ఆ కొత్త కడుపుకు మంచి తిండితో వైరం, పనికిమాలిన తిండితో నేస్తం. గుడ్డు ముక్క రెండుసార్లు తక్కువ నమిలితే చాలు, రొమ్ము కింద అడ్డం పడి కూర్చుంటుంది. అది కిందికి జారేదాకా కొట్టులో ఆ గోడ నుంచి ఈ గోడకు పచార్లు చెయ్యాలి. తీపి నాలుగు చెంచాలు దాటితే పావుగంటలో గుండె దడదడ, ఒళ్ళంతా చెమట, కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టు. అప్పుడు పెద్దబల్ల కింద చాప మీద పడుకోవాల్సిందే. ఏ వీధికి వెళ్ళినా ముందు మరుగుదొడ్డి ఎక్కడుందో చూసుకోవాలి. ఇన్ని పేచీలు పెట్టే కడుపు, టీలో ముంచిన బిస్కెట్టును మాత్రం కిక్కురుమనకుండా లోపలికి రానిస్తుంది. రెండు గంటలకొకసారి ఏదో ఒకటి తినకపోతే కళ్ళు తిరుగుతాయి. పనిలో ఉన్న మనిషికి చేతికందేది ఏమిటి? బిస్కెట్టే. నాలుగు బిస్కెట్లు ఎనిమిదయ్యాయి.

గౌన్లు బిగిశాయి. వదులు చేద్దామంటే లోపల గుడ్డ లేదు. పక్కకుట్లు విప్పి వేరే రంగు గుడ్డతో పట్టీలు వేసుకుంది. అది కొత్త ఫ్యాషననుకుని ఇద్దరు ఖాతాదార్లు తమకూ అలాగే కావాలన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక వాళ్ళకూ కుట్టిపెట్టింది.

ఆరునెలలకొకసారి క్లినిక్కుకు వెళ్ళి ఇంజక్షను వేయించుకోవాలి, మాత్రలు తెచ్చుకోవాలి. ఆ కడుపు తిండిలోని సారాన్ని సరిగ్గా పీల్చదు కాబట్టి బతికినన్నాళ్ళూ అవి ఉండాల్సిందేనని ముందే చెప్పారు. కానీ ఇంజక్షను గదికి పోవాలంటే వరండాలో, ఆ ఫొటో ఎదురుగా, బరువు చూసే మిషను ఎక్కాలి. అక్కడి నర్సమ్మది మైకు అక్కర్లేని గొంతు. అంకె చదివిందంటే ఆ చివర బల్ల దగ్గర రాసుకునే ఆయనకు వినపడుతుంది, మధ్యలో కూర్చున్న పాతికమందికీ వినపడుతుంది. బరువు దిగుతున్న రోజుల్లో టైలరక్కకు ఆ గొంతు సంగీతంలా ఉండేది. "తొంభై నాలుగూ!" "ఎనభై మూడూ!" అని అరుస్తుంటే అందరూ చప్పట్లు కొట్టేవారు. "వినపడలేదు, ఇంకోసారి చెప్పండి" అనేది టైలరక్క, వినపడినా సరే. అంకె పైకెక్కడం మొదలయ్యాక మాత్రం ఆ గుమ్మం తొక్కలేదు. మూడేళ్ళయింది. ఇంజక్షన్లు ఆగిపోయాయి, మాత్రల డబ్బా ఖాళీ అయింది.

మాస్టారి కొట్టులో అయితే ఒక నియమముంది. మనిషి కొలత పైకి చదవకూడదు. టేపు పట్టి, చూసి, నోరు మెదపకుండా పుస్తకంలో రాసుకుంటాడు. ఇంకొకరు రాస్తుంటే వేళ్ళతో చూపిస్తాడు. ఆ పద్ధతి క్లినిక్కులో ఎవరికైనా ఉంటే బాగుండునని టైలరక్క ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

మొదట కాలివేళ్ళు మొద్దుబారాయి. ఒకరోజు చెప్పు ఊడిపోయిన సంగతి తెలియక సగం వీధి నడిచింది. ఎవరో పిలిచి చేతికిచ్చారు. నవ్వేసి ఊరుకుంది. తర్వాత చేతివేళ్ళ కొసలు. దారం వేళ్ళకు తగలడం మానేస్తే కంటితో చూసి పట్టుకోవడం నేర్చుకుంది. ఇస్త్రీపెట్టె వేడి చెంప దగ్గర పెట్టుకుని చూసేది. పని ఎక్కువై తిమ్మిరెక్కుతోందిలే అని తనకు తాను నచ్చజెప్పుకునేది. తిమ్మిరి మూడు నెలలు ఉండదని ఆవిడకు తెలియదా? తెలుసు. తెలిసీ ఊరుకుంది.

బెల్టు పోయిన రోజు ఇంటికి వచ్చి కాలుగాలిన పిల్లిలా తిరిగింది. అలమర సర్ది, మళ్ళీ లాగి పారేసి, మళ్ళీ సర్దింది. నీళ్ళు తాగింది, లేచింది, కూర్చుంది, కిటికీ రెక్క నాలుగుసార్లు తుడిచింది. చేతులకు పని లేకపోతే అవి ఎక్కడ పెట్టుకోవాలో ఆవిడకు తెలియదు. సాయంత్రం మొగుడు వచ్చాడు.

"ఇవాళ తొందరగా వచ్చావేం?"

"కొట్టులో కరెంటు లేదు."

"మీ కొట్టు పక్క మేడలో లిఫ్టు బాగుచేసి ఇప్పుడే వస్తున్నాను. కరెంటు బ్రహ్మాండంగా ఉంది."

 అతను వేలి కట్టు చూశాడు, కథంతా రాబట్టాడు, లేచి చెప్పులేసుకున్నాడు.

"పద, క్లినిక్కుకు పోదాం. నీ ఫొటో చూసి కూడా చాన్నాళ్ళయింది."

అంతే, ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆ ఫొటో పేరెత్తారంటే మర్యాద దక్కదు! అది నన్ను చూసి నవ్వుతుంటే దాని కింద ఎలా నిలబడను? నాకు ముఖం చెల్లదు. వాళ్ళు కడుపు కోసి ఇచ్చింది నేను బిస్కెట్లకు ధారపోశాను. అందరి ముందూ ఆ అంకె అరిపించుకోనా?"

అతను చెప్పులు విడిచి పక్కన కూర్చున్నాడు. "నువ్వు ఒళ్ళు చేశావని నాకు తెలియదనుకుంటున్నావా? గౌన్లకు పట్టీలు పడుతుంటే చూస్తూనే ఉన్నాగా."

"మరి చెప్పలేదేం?"

"చెబితే నన్ను బతకనిస్తావా?"

ఇద్దరికీ నవ్వు రాలేదు. "నేనూ రానా రేపు?" అన్నాడు. వద్దంది. వెళ్తానని మాత్రం అనలేదు.

మర్నాడంతా అదే వరస. మధ్యాహ్నానికి ఇక పట్టలేక, మొగుడి చొక్కాకు గుండీ కుడదామని కూర్చుంది. చేతికుట్టుకు బెల్టుతో పనేముంది? గుండీ ఎడమచేతి వేళ్ళ మధ్య పట్టుకుని, సూదిలో దారం ఎక్కించడానికి కిటికీ వైపు తిరిగింది. ఎక్కించి ఇటు తిరిగి చూస్తే వేళ్ళ మధ్య గుండీ లేదు. ఎప్పుడు జారిపోయిందో తెలియదు. వేళ్ళు మాత్రం ఇంకా గట్టిగా పట్టుకునే ఉన్నాయి, గాలిని. గుండీ వెతికి తెచ్చి, అరచేతిలో పెట్టి, వేళ్ళ కొసల మధ్యకు తీసుకుని కళ్ళు మూసుకుంది. ఉందా? పోయిందా? ఎంతసేపు కూర్చున్నా చెప్పలేకపోయింది. ఇరవై ఏళ్ళుగా ఆవిడకు అన్నం పెట్టిన వేళ్ళవి. 

మూడోరోజు పొద్దున్నే ఒక్కతే వెళ్ళింది.

ఫొటో అక్కడే ఉంది. కాస్త రంగు వెలిసింది కానీ నవ్వు వెలవలేదు. దాని పక్కన ఇంకో అయిదుగురు, అందరూ తమ పాతబట్టల్లో దూరి నవ్వుతున్నారు. టైలరక్క తల వంచుకుని గోడ అంచునే నడిచింది. ప్రయోజనం లేకపోయింది.

"అరవై ఆరు గారు!" అంది నర్సమ్మ, అదే గొంతుతో. "మీరేనా? ఎన్నాళ్ళయిందండీ!"

వరండాలో వాళ్ళందరూ ఫొటో వంకా, టైలరక్క వంకా, మళ్ళీ ఫొటో వంకా చూశారు. పారిపోదామనుకుంది. నిజంగానే వెనక్కి తిరిగి రెండడుగులు వేసింది. అప్పుడు చేతిసంచీ తాడు వేళ్ళలో ఉందో లేదో తెలియక కిందికి చూసుకుంది. చూసుకుని మళ్ళీ ఇటు తిరిగింది.

"నర్సమ్మగారూ, మిషను ఎక్కుతాను. కానీ పైకి చదవకండి. వేళ్ళతో చూపించండి."

నర్సమ్మ ఆవిడ ముఖంలోకి చూసింది. టైలరక్క ఎక్కాక మిషను మీది అంకె చూసింది. ఆ చివర బల్ల ఆయనకు చేతులెత్తి ముందు ఎనిమిది వేళ్ళు, తర్వాత తొమ్మిది వేళ్ళు చూపించింది. తర్వాత, ఆ గొంతుకు గుసగుస కూడా వచ్చని టైలరక్కకు అప్పుడే తెలిసింది.

"ఈ గోడ మీద ఆరుగురున్నారమ్మా. ఫొటో పెట్టిన రెండు మూడేళ్ళకు ఒక్కొక్కరే రావడం మానేశారు. అందరూ బాగున్నారు కాబోలు అనుకుంటాం. మళ్ళీ మెట్లెక్కి వచ్చింది మీరొక్కరే."

టైలరక్క మొదటిసారి మిగతా అయిదు ఫొటోల వంక సరిగ్గా చూసింది. వాళ్ళు ఏ సందుల్లో దాక్కుని తిరుగుతున్నారో పాపం.

డాక్టరమ్మ ఫైలు చూసింది. "బరువు కొంత తిరిగి రావడం చాలామందికి ఉన్నదే. దాని సంగతి తీరిగ్గా చూద్దాం, దానికి నేనేమీ కొట్టను. ఇంజక్షను మానేసినందుకు మాత్రం కొట్టాలనుంది" అంది. తర్వాత బల్ల మీద గుడ్డ పరిచి, టైలరక్క ఎడమచెయ్యి దాని మీద పెట్టించింది.

"కళ్ళు మూసుకోండి. పిన్నుతో గుచ్చుతాను. తెలిసినప్పుడల్లా 'ఆ' అనండి."

టైలరక్క కళ్ళు మూసుకుంది. ఏమీ తెలియడం లేదంటే ఏమవుతుంది? చీటీ మీద ఏం రాస్తుంది? మాస్టారు బెల్టు ఇక ఇస్తాడా? అందుకని చెవులు రిక్కించింది. డాక్టరమ్మ చెయ్యి కదిలినప్పుడల్లా కోటు చెయ్యి గుడ్డకు రాసుకుని సర్రుమంటోంది. ఇరవై ఏళ్ళు మిషను మీద కూర్చున్న మనిషికి తాళం పట్టుకోవడం ఎంతసేపు?

"ఆ."

"ఆ."

"ఆ."

బాగానే నడుస్తోంది. నాలుగయ్యాయి, అయిదయ్యాయి. చప్పుడు సరిగ్గా వినపడకపోయినా లయ తప్పలేదు. "ఆ." "ఆ." తొమ్మిదో 'ఆ' అన్నాక గది మరీ నిశ్శబ్దంగా అనిపించింది.

"కళ్ళు తెరవండమ్మా."

తెరిచింది. పిన్ను పళ్ళెంలో ఉంది. డాక్టరమ్మ రెండు చేతులూ తన ఒళ్ళోనే పెట్టుకుని ఉంది.

"నాలుగోసారి తర్వాత నేనసలు ముట్టుకోలేదు" అంది డాక్టరమ్మ, మెల్లగా.

టైలరక్కకు తల కొట్టేసినట్టయింది. మూడేళ్ళుగా అందరికీ చెబుతున్న "బాగానే ఉంది" అనే మాటే ఇక్కడా చెప్పింది. ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేదు. "ఈ చేతులు పోతే నేనేం చెయ్యను డాక్టరమ్మా? నాకింకేం వచ్చు?"

"ఆ ఇంజక్షన్లు లేకే నరాలు మొద్దుబారాయి. ఇవాళ్టి నుంచి మళ్ళీ మొదలుపెడతాను. స్పర్శ కొంత తిరిగి రావచ్చు. మొత్తం వస్తుందని మాటివ్వలేను. కానీ ఎంత పోయిందో నాకు తెలియాలి కదా. ఇంకోసారి చేద్దామా?"

మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఈసారి చెవులకు పని చెప్పలేదు.

"ఇప్పుడు?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు."

"ఇక్కడ?"

"తెలియడం లేదు."

ఒక్కొక్క "లేదు" నోట్లోంచి ఊడబెరికినట్టే వచ్చింది. చూపుడువేలు సగం దాటాక సన్నగా ఏదో చురుక్కుమంది.

"ఆ! ఇక్కడ. గుచ్చుకుంది. నొప్పి" అంది టైలరక్క, ఎవరో కానుక ఇచ్చినట్టు.

డాక్టరమ్మ అక్కడ నీలం పెన్నుతో గీత గీసింది. అయిదు వేళ్ళకూ అలాగే, స్పర్శ ఎక్కడ మొదలైతే అక్కడ. వచ్చే నెల గీత ఎంత జరిగిందో చూద్దామంది.

ఇంజక్షను వేయించుకుని టైలరక్క నేరుగా కొట్టుకు వచ్చింది. మాస్టారు పదో కోటు మీద ముక్కు ఆనించి కుస్తీ పడుతున్నాడు. కాలరు వంకరగా వచ్చింది.

"చీటీ ఏది?"

చీటీ బల్ల మీద పెట్టి, పక్కనే చెయ్యి కూడా చాపింది. మాస్టారు చీటీ చదివాడు, కళ్ళజోడు సవరించుకుని గీతలు చూశాడు. మెడలోంచి టేపు తీసి, వేలి కొస నుంచి గీతదాకా ఒక్కొక్క వేలూ కొలిచి, కొలతల పుస్తకంలో ఆవిడ పేజీ తెరిచి రాసుకున్నాడు. ఎప్పటిలాగే నోరు మెదపలేదు.

"బెల్టు?" అంది టైలరక్క.

"వచ్చే నెల కొలిచి చూద్దాం. అందాకా నా పక్కన కటింగుకు కూర్చో. కత్తెర కంటితో చూసి నడపవచ్చు."

టైలరక్క కాసేపు ఆ పేజీ వంకే చూసింది. ఆరేళ్ళ కొలతలు, ఒకదాని కింద ఒకటి కొట్టివేతలు.

"పైకి చదవండి మాస్టారూ."

"ఏమిటీ?"

"రాసుకున్నది పైకి చదవండి. అది అయ్యాక నడుం కూడా కొలిచి, అదీ చదవండి."

ముప్ఫై ఏళ్ళుగా కొలత పలకని గొంతు, రెండుసార్లు సవరించుకోవాల్సి వచ్చింది. "బొటనవేలు, అంగుళం" అన్నాడు, గుమ్మం వైపు ఒకసారి చూసి. "చూపుడువేలు, ఒకటీ ముప్పావు."

"వినపడలేదు" అంది టైలరక్క. "ఇంకోసారి చెప్పండి."

ఆయన ఇంకాస్త గట్టిగా చెప్పాడు.